వేగావతి వెనకబడింది

గుహలోకి దిగాలంటే ఐదుగురుండాలి.
నెల్లిమర్లలో ఆ ఆట తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.
అందుకని ఐదుగురూ నేనే అయ్యాను.

ఒక తెర మీద ఐదు కిటికీలు.
కత్తి పట్టి ముందు నడిచేది చంపావతి,
మా ఊరి ఏరు కదా, ముందుండాలి.
నిప్పులు విసిరేది నాగావళి.
బాణాలు గోస్తనికీ, సువర్ణముఖికీ.
గాయాలు మాన్పే పిల్ల వేగావతి.

ఒక్క మీట నొక్కితే ఐదుగురూ అడుగేస్తారు.
నా వేలిని ఐదు ముక్కలు చేసి
ఎవరి వాటా వాళ్లకి పంచడానికి
మధ్యలో ఒక సాఫ్ట్‌వేర్ ఉంది,
భూమి తగువుకొచ్చిన పెద్దమనిషిలా.
దానికీ కాస్త మేత కావాలి.

మొదటి రాత్రి రాజునే.
రెండో రాత్రి పెట్టె వేడెక్కింది.
"పదహారు జీబీ బాబూ, పదేళ్లు చూసుకోనక్కర్లేదు"
అన్నాడు గంటస్తంభం దగ్గర షాపతను.
నాలుగో కిటికీకే పదిహేను నిండిపోయాయి.
మిగిలిన సందులో ఐదోది దూరింది,
పలాస పాసింజర్లో, తలుపు దగ్గర, ఒంటికాలి మీద.

సెకనుకి అరవై బొమ్మలు ముప్పయ్యయ్యాయి.
తర్వాత పదకొండు.
చంపావతి కత్తి ఎత్తింది.
నేనొక గుక్క టీ తాగాను.
అప్పుడు దింపింది.
వేగావతి ఇంకా గుహ గుమ్మంలోనే ఉంది
మందు చేతిలో పట్టుకుని.
ఏం పేరు పెట్టానో!
అది చేరేసరికి నలుగురూ పడిపోయి ఉన్నారు.
చచ్చినవాళ్ల చుట్టూ తిరిగి
ఆలస్యంగా, శ్రద్ధగా, మంత్రం చదివింది.

ఫ్యాను రొదకి కాదు, ఆ రొద వినపడదు ఆయనకి,
నేల అదిరితే లేచొచ్చాడు పెద్దనాన్న అసిరినాయుడు.
ముప్పయ్యొక్కేళ్లు జూట్ మిల్లులో.
మిల్లు పీఎఫ్ ఇచ్చి చెవులుంచేసుకుంది.
వచ్చి అరచెయ్యి పెట్టె మీద ఆనించాడు,
దూడకి జ్వరం చూసినట్టు.

"ఏటిరా, ఇలగ వణుకుతంది?"
"ఫ్రేములు పడిపోతన్నాయి పెద్దనాన్నా!" అరిచాను.
"ఎన్ని ఫ్రేములు సూస్తన్నావు?"
ఐదు వేళ్లు చూపించాను.
"ఒక్కడివే?"
ఒక్కణ్ణే.
చాలాసేపు తెరకేసి చూశాడు.
"మాకు ఒకటికి రెండిస్తేనే
సమ్మె సేసీసినాం."

నవ్వాను. ఆయన నవ్వలేదు.
"కన్ను లేని కాడ అంత జోరెందుకురా?
నువ్వెదర నిలబడ్డదాన్ని గట్టిగా తిప్పు.
ఎనకాలవి నెమ్మదిగా తిరగనీ.
జోరుగా తిరిగి తెగిన దారం ఎవుడు ముడేస్తాడు?"

అది ఆటగాళ్లు చెప్పే మాటే,
ఆయన గోగునార భాషలో చెప్పాడు.
చూడని నాలుగు కిటికీలకీ
సెకనుకి పది బొమ్మలు చాలన్నాను.
ఒక్కోదాన్ని ఒక్కో కోరుకి కట్టేశాను.
నీడలు తీసేశాను. గడ్డి తీసేశాను.
నీళ్ల మీద మెరుపు తీసేసేటప్పుడు మాత్రం
చెయ్యి కాస్త ఆగింది,
ఐదుగురివీ ఏళ్ల పేర్లే కదా అని.

పెట్టె ఊపిరి తీసుకుంది.
ఆయన చెయ్యి తియ్యకుండానే తలూపాడు.
చంపావతి కత్తి నా వేలితో పాటే లేస్తోంది.
వేగావతి మాత్రం, ఏం చేసినా, అరసెకను వెనకే.

"ఆ పిల్లని నాకిచ్చీ," అన్నాడు.

అటక మీది పాత కీబోర్డు దింపి
దుమ్ము ఊది తగిలించాను.
సాఫ్ట్‌వేర్‌కి చెప్పాను, ఇకమీద నలుగురికే పంచమని.
ఎర్రగీత తగ్గినప్పుడల్లా భుజం తడతాను,
ఆయన మీట నొక్కుతాడు.
ఒక్కోసారి రెండు మీటలు.
ఒక్కోసారి గోడవైపు చూస్తూ, వేరే మీట.

మొన్న ముగ్గురం మిగిలాం.
నిన్న నలుగురం.
ఇవాళ తెల్లవారుజామున, గుహలో మూడో మలుపు దగ్గర,
వేలు మీట మీదుంచి
కళ్లు తెర మీంచి తిప్పకుండా అడిగాడు:
"మన షిఫ్టు ఎన్నింటికి దిగుతాదిరా?"